స్వెట్టర్ వేసుకున్న మేక

మొన్న యాకుత్‌పురా స్టేషన్ వైపు ఆటోలో వెళ్తుంటే మా గల్లీ మలుపులోనే ఒక మేక అడ్డంగా నిలబడింది. దాని ఒంటి మీద చిన్నపిల్లల టీషర్టు, చేతుల్లోంచి బయటికొచ్చిన ముందరి కాళ్లు. ఆటో అబ్బాయి హారన్ మోగిస్తూనే ఉన్నాడు, నేనేమో కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాను. అలాంటి మేక కోసమే ఒకప్పుడు చేతికందిన పనిని కాలదన్నుకున్నదాన్ని మరి!

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైల్లో పిల్లల బొమ్మల పుస్తకం తెరిస్తే నక్కకు కోటు, ఎలుగుకు టోపీ, కుందేలుకు గొడుగు. మన ఎండల్లో వాటికి ఉక్కపోయలేదా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మొఘల్‌పురాలో మా రెండు గదుల ఇంట్లో పీట మీద కాగితం పరుచుకుని గీసుకునే నాకు, అప్పుడే తొలిసారి ఒక ప్రచురణకర్త పుస్తకం మొత్తం అప్పగించారు. చలికాలంలో చుట్టాలింట్లో పెళ్లికి బయలుదేరిన మేక కథ అది. మేక కోసం నేను వెతుక్కోవలసిన పనే లేకపోయింది. మేమంతా పిన్నిలా చూసుకునే పక్కింటి ఖాలా తన కొడుక్కి పొట్టిదైపోయిన బడి స్వెట్టర్‌ను ఏటా చలి మొదలవగానే మేకకు తొడిగేది, మోచేతుల దగ్గర చిరుగులతో సహా దాన్నే గీశాను. ఆ మేక కూడా ఊరికే నిలబడిందా, నా రబ్బరు ముక్క నమిలేసింది.

ఎడిటర్ గారు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, మర్యాదస్తుడు. బొమ్మలు చూసి, “మేకకు స్వెట్టరేమిటమ్మా, నవ్విపోతారు. చక్కగా కోటు తొడిగి టోపీ పెట్టండి” అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా గల్లీ మేము బతకడానికి పనికొస్తుంది, బొమ్మల పుస్తకానికి మాత్రం పనికిరాదా?

“కోటేసుకున్న మేకను మీరేడ చూసిండ్రు సార్? స్వెట్టరేసుకున్నదాన్ని నేను పొద్దున లేస్తే చూస్తున్న. మా గల్లీకి రాండ్రి, చూపిస్త” అన్నాను.

ఆయన రాలేదు. తెల్లరంగు పూసి దిద్దమన్నారు, దిద్దనన్నాను, బొమ్మలన్నీ చుట్టి చంకన పెట్టుకుని వచ్చేశాను. ఇంట్లో అమ్మ, “ఏందే నీ లొల్లి? ఒక్క కోటు గీస్తే నీ సొమ్మేం పోతుండె?” అని తలకొట్టుకుంది. పోయేది నా సొమ్మేనని ఆమెకు చెప్పలేకపోయాను.

ఆ పుస్తకం వేరొకరి బొమ్మలతో వచ్చింది, కోటుతో, టోపీతో. మా గల్లీ పిల్లలు దాన్ని చూసి ఇది ఏ దేశపు మేక అని అడిగారు. ఆ మాటతో నా కడుపు నిండింది. తర్వాత వేరే చోట్ల దొరికిన ప్రతి పుస్తకంలోనూ, కథ సింహానిదైనా సరే, ఏదో ఒక మూల స్వెట్టర్ మేకను నిలబెట్టాను. ఎవరూ తీసేయలేదు, నేను తీయనివ్వలేదు.

మొన్నటి మేక పక్కకు జరిగినప్పుడు దాని టీషర్టు మీది బొమ్మ కనిపించింది. కోటు వేసుకుని, టోపీ పెట్టుకున్న నక్క! ఇన్నేళ్లకు అది మా గల్లీకి రానే వచ్చింది, మేక వీపెక్కి మరీ. మేక ఒంటి మీద మాత్రం ఇప్పటికీ పిల్లల పాత బట్టలే. ఖాలా ఇంటి చోట ఇప్పుడు నాలుగంతస్తులు లేచాయి, ఖాలా లేదు, ఎడిటర్ గారూ లేరు. ఉంటే ఈసారి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించేదాన్ని. గెలిచిన సంగతి చెప్పుకుందామంటే, పోట్లాడిన మనిషే లేకపోయాడు.