ఎక్కడికని అడిగే వీధి

మేం ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసి జాలరిపేట పక్కన ఇల్లు కట్టుకున్నప్పుడు మా బంధువుల్లో ఒక్కరికీ నచ్చలేదు. కొత్తింట్లో ప్రార్థనకి వచ్చిన మా ఆడపడుచు, పాస్టరుగారు ఆమెన్ అనీ అనకముందే లేచి కిటికీ ఊచలు పట్టుకుని లాగి చూసింది. "ఇంకాస్త లావువి వేయించాల్సింది వదినా" అంది. ఎదురుగా సముద్రం ఉంది కదా అంటే, సముద్రం సరే, పక్కనున్నవాళ్ళ సంగతేంటి అంది. ఆ పక్కనున్నవాళ్ళ దగ్గరే ఆవిడ ఆదివారం ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక వంజరం ముక్కలు కోయించుకుని పట్టుకెళ్తుంది. చేప దగ్గర లేని భయం చేప పట్టినవాళ్ళ దగ్గర ఎందుకు వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఆయన రిటైరయ్యాక ఇద్దరికీ ఊసుపోక మేడ మీద గదిని టూరిస్టులకి ఇవ్వడం మొదలుపెట్టాం. భాష సమస్య రాలేదు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ మాకు ఒక పక్క ఒరియావాళ్ళు, ఇంకో పక్క బీహారువాళ్ళు, పైన మలయాళీలు, ఎదురుగా బెంగాలీలు. పప్పు అప్పడిగితే చాలు, నాలుగు భాషల్లో మాటలు పడతాయి. నా హిందీలో వ్యాకరణం ఉండదు గానీ పని ఆగదు.

వచ్చినవాళ్ళు మెచ్చుకుంటూనే ఏదో ఒక ముల్లు గుచ్చి పోయేవారు. "గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, చీకటి పడ్డాక మాత్రం ఈ చుట్టుపక్కల జాగ్రత్త" అని ఒక పెద్దమనిషి ఫోన్లో రివ్యూ రాసిపెట్టాడు. ఆయన చీకటి పడ్డాక ఒక్కసారి కూడా మెట్లు దిగి కిందికి రాలేదు. చూడని చీకటి గురించి అంత ధైర్యంగా ఎలా రాశాడో మరి. నాకు ఒళ్ళు మండి జవాబు రాయబోతే మా ఆయన ఫోను లాక్కున్నాడు.

అయితే భయం వాళ్ళ సొత్తేం కాదు. మా పక్కింటావిడ హార్బరులో వేలం పాట పాడి చేపలు కొనుక్కొచ్చి గంపతో అమ్ముతుంది. భర్తకి సొంత ఫైబర్ బోటు ఉంది. మా గేటు ముందు సూట్‌కేసు దిగినప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకునేది.

"నీకేటప్పా, అద్దెకిచ్చీసి కూకుంటావు. ఆల్లు తాగి ఇసకలో సీసాలు పగలగొడితే మా పిల్లల కాల్లు తెగతన్నాయి. ఎండుసేపలు ఆరబెడితే ముక్కు మూసుకుంతారు, మల్లీ ఫోటో తీసుకుంతారు. కంపు కొడితే ఫోటో ఎందుకో?"

మా వైపు అక్కని అప్ప అంటారు. అప్పా అని పిలుస్తూనే ఆవిడ నన్ను ఎన్ని తిట్లయినా తిట్టగలదు.

దసరా సెలవుల రద్దీ తగ్గాక కలకత్తా నుంచి ఒకావిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తెల్ల చీర, చేతిలో చిన్న పెట్టె, సంచిలో ఆవనూనె సీసా. వెనక ఎవరూ లేరు. బెంగాలీలు మా ఊరికి కొత్త కాదు గానీ వాళ్ళు వచ్చారంటే బామ్మ నుంచి చంటిపిల్ల దాకా ఒక బస్సు నిండా వస్తారు. ఈవిడ ఒక్కర్తే ఆటో దిగేసరికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. కొడుకు గెంటేశాడేమో అని ఒకరు, మతి తప్పి తిరుగుతోందేమో అని ఇంకొకరు. మా ఆయన నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఇంట్లో చెప్పే వచ్చిందా? ఆధార్ కార్డు సరిగ్గా చూశావా?" అన్నాడు. అంటే మా అందరికీ ఒంటరిగా వచ్చిన ముసలావిడంటే అనుమానమే అన్నమాట.

ఆవిడే కాఫీ తాగుతూ నవ్వుతూ హిందీలో చెప్పింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా సముద్రానికి వెళ్ళాను. అత్తగారికి వేడినీళ్ళు, ఆయనకి పథ్యం, పిల్లలు మునిగిపోకుండా కాపలా. సముద్రం ఎలా ఉంటుందంటే చెప్పలేను. ఈ వారం రోజులూ నావి. కూర్చుని చూస్తాను."

ఆ వారం రోజులకీ కొడుకు ఒక షరతు పెట్టాడు. అతనిది బెంగుళూరులో ఉద్యోగం. అమ్మ ఫోను ఎప్పుడూ చేతిలో ఉండాలి, ఎక్కడుందో అతనికి మ్యాపులో చుక్కలా కనిపిస్తుండాలి, పిలిస్తే మోగిన వెంటనే పలకాలి. ఏ మాత్రం తేడా వచ్చినా బీచ్ రోడ్డులో పెద్ద హోటలుకి మార్చేస్తాడు, లేదా వెనక్కి విమానం ఎక్కించేస్తాడు. మొదటిరోజే నాకు ఫోను చేసి ఆ ఏరియా సేఫేనా ఆంటీ అని అడిగాడు. "మేం బతికే ఉన్నాం కదా బాబూ" అన్నాను. ఆ జవాబు అతనికి అంతగా నచ్చినట్టు లేదు.

ఆవిడకి మాత్రం మా వీధి నచ్చింది. కారణం ఒకటే. మా వీధిలో మనిషి గడప దాటితే చాలు, పది గుమ్మాల్లోంచి ఒకటే ప్రశ్న.

"ఎక్కడికెల్తన్నావు మామ్మా?"

కొట్టుకి అంటే సరే, ఇసకలోకి అంటే సరే. ఏం చెప్పినా, చెప్పకుండా నవ్వినా సరే. జవాబు కోసం అడిగేది కాదు అది. నువ్వు మా కళ్ళబడ్డావు, అంతే. రెండోరోజుకల్లా ఆవిడ ఆ మాట నేర్చేసుకుని ఎదురు అడగడం మొదలుపెట్టింది. నీళ్ళ బిందెతో వెళ్తున్న పిల్లనీ, పాలబ్బాయినీ, చివరికి గొడుగు పట్టుకుని చర్చికి బయల్దేరిన నన్నూ. యాస కూడా అచ్చం మా పేట యాసే. జనం పడీ పడీ నవ్వేవారు.

కొడుకు నవ్వలేదు. తల్లి మురిసిపోతూ ఈ సంగతి చెబితే అతను హడలిపోయాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళంతా నువ్వెక్కడికి వెళ్తున్నావని ఎందుకడుగుతున్నారు, నీ రాకపోకలు కనిపెడుతున్నారు, ఎవరికీ నిజం చెప్పకు అన్నాడట. నాకు కోపం నషాళానికి అంటింది. అదే ప్రశ్న తను రోజుకి ఎన్నిసార్లు అడుగుతున్నాడో లెక్క ఉందా? అని లోపల అనుకున్నాను గానీ ఆవిడతో అనలేదు. కొడుకంటే కొడుకే కదా.

నాలుగోరోజు తెల్లవారకముందే ఆవిడ ఇసకలోకి నడిచింది. గేటు తాళం తీసి నేనూ వెనకే వెళ్ళాను. మసక వెలుతురులో పక్కింటాయన బోటుని నలుగురు కలిసి నీళ్ళలోకి తోస్తున్నారు. వేటకి వలలు ఎక్కించేశారు, డబ్బాలో అన్నం ఎక్కించేశారు. ఆవిడకి వాళ్ళు తెలిసిన మొహాలు. ఎంతో ప్రేమగా, గొంతెత్తి అడిగింది.

"ఎక్కడికెల్తన్నారు బాబూ?"

భుజాలు ఆన్చినవాళ్ళు ఆన్చినట్టే ఆగిపోయారు. పక్కింటాయన చేతిలో తాడు కింద పడేసి ఇసకలో చతికిలబడ్డాడు.

"అయిపోనాది. ఇయ్యాల ఏట అయిపోనాది!"

ఒక కుర్రాడైతే అరిచేశాడు. "ఎవులీ ముసల్ది? అడక్కూడదని తెల్దా? ఆ టూరిస్టోల్లని ఎవులు రానిత్తన్నారిక్కడికి?"

సరిగ్గా అప్పుడే ఆవిడ చేతిలో ఫోను మోగింది. చుక్క నీళ్ళ అంచున కనిపించేసరికి కొడుకు నిద్రలోంచి లేచి చేశాడు. ఆవిడ అలవాటుగా నొక్కేసింది. అతనికి వినిపించిందల్లా చీకట్లో మగవాళ్ళ అరుపులు. ఆవిడ కంగారులో ఫోను ఆపేసింది. పాపం, అటు అతను ఏమైపోయి ఉంటాడో ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. అప్పుడు వేయలేదు.

పక్కింటావిడ పరుగున వచ్చింది. నన్నే తగులుకుంది.

"సెప్పలేదేటప్పా ఆవిడికి? కొట్టుకెల్లేవోన్ని అడగొచ్చు, ఏటకెల్లేవోన్ని అడగొచ్చేటి? ఆల్లు ఎల్లేది సంద్రంలోకి!"

నిజమే, ఎవరూ చెప్పలేదు. అందరం అందరినీ అడుగుతూనే ఉంటాం. ఎవరిని అడక్కూడదో మాకు పుట్టుకతో తెలుసు కాబట్టి చెప్పాలని తోచదు. మా ఇంట్లోనూ అంతే. మేం శకునాలు నమ్మం, ప్రార్థన చేసుకుని బయల్దేరతాం. అయినా మా ఆయన ప్లాంటులో షిఫ్టుకి వెళ్ళేటప్పుడు ఎవరైనా ఎక్కడికని అడిగితే, బూటు లేసు వదులైందంటూ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగేవాడు. లేసు ఎప్పుడూ గట్టిగానే ఉండేది.

నా వ్యాకరణం లేని హిందీలో సంగతి చెప్పాను. ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యయ్యో, వెనక నుంచి పిలిచానా! మా ఇళ్ళల్లోనూ తప్పే. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వాలి. నీళ్ళేవి? నీళ్ళు తెండి!"

తెలుగులోకి మార్చి చెప్పేసరికి పక్కింటావిడ నోరు తెరిచింది. "ఆల్లకీ ఉన్నాదేటి ఇది?"

నేను నీళ్ళకి వెనక్కి తిరిగేసరికి మా ఆయన బిందె పట్టుకుని ఇసకలో దిగబడుతూ వస్తున్నాడు. ఎవరూ పిలవలేదు. ఇంకో చేతిలో గులాబీ పూల పిండివంట డబ్బా. క్రిస్మస్‌కి ముందుగా నేను వండి దాచినవి, దొరకవనుకున్నాను. నలుగురూ ఇసకలో వరసగా కూర్చున్నారు. పెద్దావిడ ఒక్కొక్కరికీ వంగి నీళ్ళు పోసింది. అరిచిన కుర్రాడికి రెండు గులాబీ పూలు ఎక్కువ పెట్టింది. వాడు తల దించుకుని కరకరా నమిలాడు. మొదట్నుంచీ బయల్దేరుతున్నట్టు లేచి, దులుపుకుని, బోటు తోసుకుంటూ పోయారు. అప్పటికే మిగతా బోట్లు కనుచూపు దాటిపోయాయి.

ఇంటికొచ్చేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. కొడుకు హోటల్లో గది తీసేశాడు, పదింటికి కారు వస్తుంది, పెట్టె సర్దుకో. ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ గొంతు తగ్గుతూ తగ్గుతూ చివరికి అలాగే బాబూ, అలాగే అంటోంది. ఫోను పెట్టేసి చీరలు మడతపెట్టింది. నాకు దుఃఖం ఆగలేదు. గది ఖాళీ అవుతుందని కాదు. ఆ పెద్ద హోటల్లో అద్దాల వెనక ఏసీలో కూర్చోబెట్టి సముద్రం చూపిస్తారు. ఆవిడ చూడాలనుకున్నది అలా కాదు.

కారు టైముకే వచ్చింది. ఆవిడ పెట్టె పట్టుకుని మెట్లు దిగింది, చివరి మెట్టు మీద ఆగింది.

"నేను ఆపిన బోటు ఇంకా తిరిగి రాలేదు. అది వచ్చాక కదులుతాను" అంది. డ్రైవరు నా వైపు చూశాడు. టీ తాగుతావా బాబూ అన్నాను.

మధ్యాహ్నం దాకా ఆవిడ గేటు పక్కన కుర్చీలో కూర్చుంది, పెట్టె మీద చేయి వేసి. వీధిలో అందరి చెవులూ సముద్రం వైపే. వల ఖాళీగా వస్తే ఆ నింద ఎవరి నెత్తిన పడుతుందో మా అందరికీ తెలుసు. నేను ఒప్పుకోను గానీ లోపల ప్రార్థన చేశాను. చేపల కోసం దేవుణ్ణి అడగడం అదే మొదలు.

బోటు వచ్చింది. పక్కింటాయన తడిబట్టలతోనే మా గేటు దాకా వచ్చాడు.

"ఏటి పడ్డాయి?" అని నేనే అడిగాను, ఆగలేక.

"రోజూ పడీ సిన్న సేపలే. కొన్ని కవ్వల్లు, కొన్ని కానాగంతలు. మామ్మ నీల్లకి వంజరాలు పడతాయనుకున్నావేటి?" అని నవ్వి, చేతిలో నాలుగు కానాగంతలు ఆవిడ ఒళ్ళో పెట్టాడు. తెల్ల చీర పాడైపోయింది. ఆవిడ పట్టించుకోలేదు.

ఫోను మోగింది. చుక్క ఇంకా కదల్లేదేమిటని. ఆవిడ చేపల చేత్తోనే స్పీకరు నొక్కింది. బెంగాలీలో మాట్లాడింది గానీ, క్వార్టర్ల పుణ్యమా అని నాకు అందింది. ఆ మాటలు ఇంచుమించు ఇవి.

"నేను ఇల్లు వదిలి బయల్దేరి నాలుగు రోజులైంది నాయనా. ఆ రోజు నుంచీ నువ్వు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నావు. ఏం చేయాలో నీకు చిన్నప్పుడే నేర్పాను. కూర్చో. మంచినీళ్ళు తాగు. నన్ను వెళ్ళనీ."

అటు నుంచి గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నిజంగానే తాగాడో, తల్లికి వినిపించాలని పెట్టాడో తెలియదు. "రాత్రి ఒక్కసారి చెయ్యమ్మా" అన్నాడు. కారు ఖాళీగా వెళ్ళింది. సాయంత్రం ఆవిడ ఆవనూనెలో కానాగంతలు వేయించింది. ఇల్లంతా ఘాటెక్కి మా ఆయన దగ్గుతూ మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆవిడ మెట్లు దిగింది. ఫోను పైన గదిలో వదిలేసింది. పంపు దగ్గర అప్పటికే ఆడవాళ్ళు బిందెలు పెట్టారు. పక్కింటావిడ గంప ఎత్తుకుంటోంది. గుమ్మాల్లో మొహాలు కడుక్కుంటున్నవాళ్ళు కడుక్కుంటున్నారు. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. పక్కింటావిడ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వీధి మధ్యలోంచి నడిచింది. చుట్టూ చూసి, అందరికీ తలూపి, ఇసకలోకి దిగింది. ఎవ్వరూ ఎక్కడికని అడగలేదు.