అరువు ముక్కు

ఆ క్వార్టర్స్ తోటమాలిని అందరూ టీ మాస్టారనే పిలుస్తారు. తెల్లారగానే పాత నూనె డ్రమ్ము మీది గోనెపట్టా తీసి, టీ పొడిలా కంపోస్టు మూట నానుతున్న నీళ్లను కర్రతో కుడికి నూరుసార్లు, ఎడమకి నూరుసార్లు తిప్పుతాడు. "అల్లం వేశావా మాస్టారూ?" అని ఎవరో ఒకరు రోజూ అడుగుతారు. నవ్వే ఓపిక లేక తలాడిస్తాడు. నిన్న నడుం పట్టేస్తే ఎడమ నూరూ ఎగ్గొట్టాడు. మూడో రోజుకి ఆ నీళ్లు మట్టి వాసన వేస్తే మొక్కలకు బలం, తిప్పడం తగ్గి కుళ్లు వాసన వేస్తే వేళ్లకు చేటు. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని ముక్కుకు వాసన తెలియకుండా చేసింది. ఆ సంగతి వాకిళ్లూడ్చే ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఆమె వంగి వాసన చూసి సరేనంటేనే అతను చెంబు ముంచుతాడు.

ఈ పొద్దున కూడా ఆమె "మట్టి వాసనేలే అన్నా" అంది. మొదటిసారి పూత పట్టిన జామచెట్టు మొదట్లో పోయబోతూ అతను తలెత్తి చూశాడు. ఆమె కొంగు ముక్కుకు అడ్డంగా ఉంది.

"నిజం చెప్పు చెల్లీ."

"కుళ్లిందన్నా. పీక్కుపోయిన నీ మొహం చూశాక, పారబొయ్యమనడానికి నోరు రాలేదు."

అతను డ్రమ్మును మురుక్కాలవలోకి ఒరగదోసి, నీళ్లన్నీ పోయేదాకా నడుం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని కుళాయి కిందికి ఈడ్చాడు.

"ఈసారి నా మొహం చూడకు. డ్రమ్ములోకి చూసి చెప్పు."