నాలుగు బొమ్మల డబ్బ

నాకు చిక్కడపల్లిల మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగు అమ్ముత. ఈ దందల ఒక్కటే కిటుకు. ఆడోళ్లు చీర పట్టుకొచ్చి దీనికి పచ్చ కావాలంటే, ర్యాకుల నలభై పచ్చలున్నా సరే, నాలుగే తీసి పరవాలె. నలభై పరిచినమా, "ఇంటికాడ అడిగొస్త" అని లేస్తరు, మళ్ల రారు. మిగిలినయి అసలు లేనట్టే ఉండాలె.

ఆ తెలివే తీస్కపోయి కార్ల పెట్టిన. నన్ను చెప్పుతోని కొట్టాలె.

మా ఆవిడ నిరుడు డ్రైవింగ్ నేర్చుకున్నది. "ప్రతిదానికి మీ దుకాణం బందయ్యేదాక ఎదురుచూస్కుంట కూసోవాల్నా నేను?" అని పట్టుబట్టింది. నేను నవ్విన. "మన అశోక్‌నగర్ గల్లీలల్ల సైకిలే పోదు, నువ్వు కారు తీస్తవా?" అన్న. తీసింది. నెల తిరగకముందే నారాయణగూడ మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చింది. ఆ రోజు ఇంటిముందట ఆపి హారన్ కొట్టిన తీరు చూడాలె, బరాత్ దిగినట్టే ఉండె. గల్లీల అందరు బయటికొచ్చి చూసిండ్రు.

దారి కోసం ముందటి అద్దానికి జీపీఎస్ డబ్బ బిగించిన. ఫోన్ల మ్యాప్ చూస్కుంట నడపొద్దని ఒట్టు పెట్టించుకున్న, మధ్యల ఫోనొస్తే ఆమె ఆగమైతది. డబ్బ తెరిస్తే తెర నిండ బొమ్మలే: పెట్రోల్ బంకులట, హోటళ్లట, ట్రాఫిక్ అట, అడ్రస్ కొట్టుడట. అక్కెరలేనియి మెనూలకెల్లి తీసేసుకోవచ్చని సెట్టింగ్స్‌ల ఉన్నది. అరె, ఇది మన పనే గదా అనుకున్న. ఆదివారం పొద్దంత కూసోని ఒక్కొక్కటే దాచిన. నాలుగే మిగిల్చిన, ఇంతింత పెద్దగ: ఇల్లు, దుకాణం, మార్కెట్, కవాడిగూడల వాళ్ల అక్క ఇల్లు. పొరపాటున ఏదన్న ఒత్తి ఖరాబ్ చేస్తదని సెట్టింగ్స్‌కు తాళం నంబర్ గూడ పెట్టిన. ఆమె చూసి, "మంచిగున్నది. నాకోసం ఇంత కష్టపడ్డరా?" అని మురిసింది. దాచినయి వేరే ఉన్నయని నేను చెప్పలే. నిజం చెప్తున్న, ఆ నాలుగు తప్ప ఆమెకు ఇంకో చోట పని పడ్తదని నా బుర్రకు తట్టనే లేదు.

పోయిన నెల వాళ్ల అక్కకు ఉప్పల్ దాటినంక ఒక ఆస్పత్రిల ఆపరేషన్ అయింది, గాల్‌బ్లాడర్ల రాళ్లని. "ఇంటికి పంపిన నాడు ఆటో గీటో వద్దక్కా, నా కార్ల నేనే తోలుకపోత" అని మా ఆవిడ మాటిచ్చింది. పక్క మంచాలోళ్లకు గూడ చెప్పుకున్నది. ఆ రోజు నా దుకాణంల కాలు పెట్ట జాగ లేదు, పెండ్లిళ్ల సీజను. "దారెట్లండి?" అని ఫోన్ చేసింది. నా చేతుల కత్తెర, భుజం మీద ఫోను. "డబ్బల అడ్రస్ కొట్టు, అదే చూపిస్తది" అని పెట్టేసిన. నేనే దాచిన సంగతి యాదికి రాలే. ఒట్టు, రాలే.

ఆమె కొట్టెటందుకు చోటే లేదు గద. వాళ్లను వీళ్లను అడుక్కుంట విద్యానగర్ దాక పోయింది. అడిక్‌మెట్ కాడ ఎటో తిరిగింది, తిరిగి తిరిగి మళ్ల అక్కడికే వచ్చింది. వెనకకెల్లి హారన్ల మీద హారన్లు. ఒకడు బండి పక్కకు తెచ్చి, "ఇంట్ల కూసోరాదమ్మా" అన్నడట. కారు పక్కకు ఆపి నాకు మళ్ల ఫోన్ చేసింది. ఫోను గుడ్డల కింద పడ్డది, నాకు వినవడలే. ఆఖరికి "నువ్వు ఆటోల పో అక్కా" అని చెప్పి ఏడ్సుకుంట ఇంటికొచ్చింది. ఇంటికొచ్చుడుకైతే బొమ్మ ఉన్నది గద. ఆ అక్క కుట్ల మీద చెయ్యి పెట్టుకొని, గుంతలల్ల ఎగురుకుంట, కవాడిగూడ చేరింది.

సాయంత్రం చూసి రావడానికి పోయినం. మా ఆవిడే మొదలువెట్టింది. "నాకు చేతకాలేదక్కా. అడ్రస్ కొట్టేది డబ్బల యాడనో ఉంటదట. అందరికి కనవడ్తది, నాకే కనవడలే" అని నవ్వబోయింది. నేనే దాచిన సంగతి అప్పుడు యాదికొచ్చింది. అప్పుడే చెప్పాలె గదా? చెప్పలే. "పోనీ తియ్యే, తోలెటందుకు మీ ఆయన ఉన్నడు గద" అని వాళ్లక్క అంటే, తలకాయ గూడ ఊపిన. థూ, నా బతుకు!

తెల్లారి ఆమె లేవకముందే కిందికి పోయి, తాళం తీసి, దాచిన బొమ్మలన్ని మళ్ల పెట్టిన. అడ్రస్ కొట్టేది అన్నిట్లకంటె ముందు పెట్టిన. కొంచెం పాపం కడుక్కున్నట్టు అనిపించింది. అంతల్నే ఆమె చాయ్ పట్టుకొని వచ్చింది. కారు తలుపులకెల్లి వంగి తెర చూసింది. చానసేపు చూసింది.

"ఇది నిన్న ఇక్కడ లేకుండె" అన్నది. మళ్ల తనే, "ఉండే ఉంటది తియ్యండి. నా కండ్లే సక్కగ లెవ్వు" అన్నది.

నేను ఊకుంటే అక్కడికి అయిపోతుండె. ఊకుందామని గూడ అనిపించింది, అబద్ధమెందుకు. కని ఆమె నిజంగనే కండ్లు నలుపుకుంటున్నది.

"లేకుండె," అన్న. "నేనే దాచిన. నీకు పరేషాన్ కావద్దని."

తిడ్తదనుకున్న. తిడ్తే మంచిగుండేది. చాయ్ గిలాస బానెట్ మీద పెట్టింది.

"నిన్నటిసంది నన్ను నేనే తిట్టుకుంటున్న," అన్నది. "అక్క ముంగట గట్ల చెప్తుంటే మీరు నా పక్కనే కూసున్నరు గదండీ."

ఆమె మళ్ల వంగి, తెర మీది బొమ్మలు ఒక్కొక్కటే వేలుతోని లెక్కవెట్టింది.

"ఇంకేమేం దాచిండ్రు, నాకు పరేషాన్ కావద్దని?"

ఏం లెవ్వని చెప్పెటందుకు నోరు తెరిసిన. దాచినయి ఒకదాని ఎన్క ఒకటి యాదికి రావట్టినయి.