చేతిలో తెడ్ల చప్పుడు

2022లో నేను పలాసలోని ఒక డయాలసిస్ సెంటర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఉద్దానం ఊళ్లనుంచి కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మెషిన్ పక్కన పడుకునేవారు. వజ్రపుకొత్తూరు వైపునుంచి దానయ్య మావ వచ్చేవాడు. చేపల వేటే బతుకుగా ఉన్న ఇంట్లో పుట్టి, నేవీలో చేరి, అక్కడ కుర్రాళ్లకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ నాలుగు గంటలూ పాత నౌకాయుద్ధాలే చెప్పేవాడు. నాకు చిన్నప్పటినుంచీ చరిత్రంటే నిద్ర. అయినా డ్యూటీ వదిలి ఎక్కడికి పోతాను?

డయాలసిస్‌కి ముందు ఫిస్టులా ఉండాలి. అంటే చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్ చేసి కలపడం. రక్తం మెషిన్‌లోకి వెళ్లి రావడానికి అదే దారి. అక్కడ చెయ్యి వేస్తే జుమ్మని అదురుతుంది, స్టెతస్కోప్ పెడితే హోరు వినిపిస్తుంది. మావది ఎడమచేతివాటం, అందుకని ఫిస్టులా కుడిచేతికి పెట్టారు.

"అది రత్తం కాదమ్మా, తెడ్లు. నూటడెబ్బై మంది ఒక్కపాలే ఏత్తన్నారు, ఇను" అనేవాడు.

పాతకాలం గ్రీకు ఓడకి అంతమంది తెడ్డువాళ్లట. నవ్వేదాన్ని. ఒకరోజు కళ్లు మూసుకుని విన్నాను. నిజంగానే నీళ్లమీద తెడ్లు పడుతున్నట్టుంది, ఎవరో దగ్గరికి వస్తున్నట్టుంది. ఆ తర్వాత ఆ చేతిమీద స్టెతస్కోప్ పెట్టాలంటే నాకు జంకు. వేళ్లతో తాకి, అదురు తెలిస్తే చాలని సూదులు గుచ్చేసేదాన్ని.

ఆయన చెప్పినవాటిలో కొన్ని నాకిప్పటికీ గుర్తున్నాయి. ఇరుకు జలసంధిలో పర్షియా ఓడలు ఒకదానికొకటి అడ్డుపడి చిన్న దళం చేతిలో ఓడిపోయాయట. సముద్రం రోమ్ చేతిలో ఉండబట్టి కార్తేజ్ సేనాని ఏనుగులతో మంచుకొండలెక్కి వెళ్లాడట, చాలామంది సైనికులు దారిలోనే పోయారట. రెండువేల ఏళ్ల తర్వాత ఒక అమెరికా నౌకాధికారి ఆ యుద్ధం గురించి చదివే సముద్రబలం గురించి తన సిద్ధాంతం అల్లుకున్నాడట.

"ఓడలు ముంచీడం గెలుపు కాదమ్మా. మన దారి తెరిసుంచుకోడం, పగోడి దారి మూసీడం. అదే గెలుపు" అనేవాడు.

జూన్‌లో వేట నిషేధం ముగిసింది. బోటు మొదటిసారి కడలిలోకి వెళ్లేముందు గంగమ్మకి పూజచేసి, వలదారానికి పసుపు పూసి, ఇంటి మగవాళ్ల కుడిచేతికి వలముడితో కట్టడం వాళ్లింటి ఆనవాయితీ. బోటు తిరిగొచ్చేదాకా తెంపకూడదు. వేటకి వెళ్లకపోయినా మావకీ కట్టింది ఆయన భార్య నీలమ్మ. మోచేతి పైన ఆ దారం చూసి, ఫిస్టులా ఉన్న చేతికి ఏ కట్టూ ఉండకూడదు, తెంపేద్దామన్నాను. తన తమ్ముడి బోటు ఇంకా రాలేదని, నీలమ్మ బాధపడుతుందని మావ ఒప్పుకోలేదు. వేలు దూర్చి చూస్తే వదులుగానే ఉంది. సరే అన్నాను. ఆ "సరే" నాదే, ఇంకెవరిమీదా నెట్టలేను.

ఆ రోజు పాఠం కూడా గుర్తుంది. సముద్రం ఎరగని రోమన్లు ఓడమీద ఇనుపముక్కున్న వంతెన కట్టి, శత్రువు ఓడమీదికి దించి, నేలమీద పోరాడినట్టు పోరాడి గెలిచారట. తుపానులో ఆ వంతెన బరువే వాళ్ల ఓడల్ని ముంచిందని కొందరంటారట. బాగుందే అని నవ్వాను.

గాలులకి బోటు ఒడిశా వైపు ఆగిపోయింది. రెండురోజుల తర్వాత పొద్దున్నే మావ వచ్చాడు. ఒంట్లో నీరు చేరి చెయ్యి ఉబ్బింది.

"తెడ్లు ఆగిపోనాయమ్మా" అన్నాడు గుమ్మంలోనే.

వేళ్లకి అదురు తగల్లేదు. జంకు మరిచి స్టెతస్కోప్ పెట్టాను. గదిలో మెషిన్లన్నీ తిరుగుతున్నాయి, ఆ చేతిలో మాత్రం ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంతసేపు వినడం నాకదే మొదలు. దారం కండలోకి దిగిపోయి ఉంది. కత్తెరతో తెంపాను. అయినా ఏమీ వినిపించలేదు. రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది.

బయట బెంచీమీద నీలమ్మ కూర్చుని ఉంది. బోటు తెల్లారుజామున ఒడ్డుకి చేరిందని అందరికీ చెబుతోంది. మావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"దానికి సెప్పకమ్మా. నా పేణం కోసమే కట్టింది."

దారం నా జేబులో వేసుకున్నాను. విశాఖ ఆసుపత్రిలో కూడా ఆ దారి తెరవలేకపోయారు. డయాలసిస్ కోసం మెడకి కాథెటర్ గొట్టం పెట్టారు, దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. కార్తీకం రాకుండానే మావ పోయాడు.

ఇప్పుడు ఏ చేతికైనా ముందు చెవి పెట్టి, తర్వాతే సూది తీస్తాను. చేతికి దారముంటే ఎవరు కట్టారని అడగను, తీయిస్తాను. దారి తెరిచుంచుకోమని మావ నేర్పిన పాఠం నాకు అలా పనికొచ్చింది, ఆయనకి మాత్రం పనికిరాలేదు.

మరుసటేడు జూన్‌లో నీలమ్మ సెంటర్‌కి వచ్చింది. కొంగుముడిలోంచి పసుపుదారం తీసింది.

"ఆయన్ని సూసుకున్న సెయ్యమ్మా ఇది. గంగమ్మ సల్లగా సూత్తాది."

మావ చేతి దారం సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పకుండానే చెయ్యి చాపాను. ఆవిడ వలముడి వేసి బిగించింది. ఆ దారం కింద, నా చేతిలో, తెడ్లు పడడం మొదలైంది.