మా పాదరీ కవి డంకన్ గారు

డంకన్ గారు పరమపదించారని స్కాట్లాండ్ నుంచి ఆయన కుమార్తె రాసిన ఉత్తరం పోయిన వారం ఆఫీసులో అందింది. సగం గీసిన పైపులైను డ్రాయింగ్ బల్ల మీద అలాగే వదిలేసి ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను. కవి, ధర్మబోధకుడు, నిరాడంబరుడు, నాబోటి పరమతస్థుణ్ణి సైతం ఆత్మబంధువుగా ఆదరించిన సహృదయుడు ఇక లేరంటే నమ్మబుద్ధి కావడం లేదు.

చమురు ధర పెరిగి, దోహాలో ఎక్కడ చూసినా పునాదులు తవ్వుతున్న రోజుల్లో నేను కాకినాడ నుంచి వచ్చాను. ఆయన మా కంపెనీలోని తెల్లవాళ్ళకు పాదరీ. చర్చి లేదు కనుక అల్ దోహా అల్ జదీదాలోని తన ఇంటి హాల్లోనే ప్రార్థన జరిపేవారు. అదీ ఆదివారం కాదు, సెలవురోజని శుక్రవారం.

కవిత రాయగానే నాకు చదివి వినిపించేవారు. ఆయన యాసలో ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. మర్యాదకు తలూపేవాణ్ణి. ఊపిన చోటల్లా ఆ పాదం కొట్టేసేవారు! "రావు గారూ, మీరు టీ తాగడం మరిచిపోయిన చోటే నా కవిత్వం ఉంది" అనేవారు. నిజంగానే కొన్నిసార్లు టీ చల్లారిపోయేది.

ఆయన జాలరి కొడుకు. అల్ రువైస్ చేపల రేవుకు వెళితే వలలు బాగుచేసేవాళ్ళ పక్కన చతికిలబడి తానూ ముడులు వేసేవారు. వాళ్ళు "యల్లా, యల్లా" అని తొందరపెడితే పొంగిపోయేవారు.

ఒకసారి మా సైట్‌లో పనిచేసే జగిత్యాల వైపు మల్లయ్య గుండె ఆగి చనిపోయాడు. పెట్టెను విమానమెక్కించే ముందు అతని గురించి నలుగురిలో ఎవరైనా నాలుగు మాటలు చెప్పాలని అతని బావమరిది రాజన్న పట్టుబట్టాడు. పంతులు దొరకలేదు. డంకన్ గారిని అడిగాను. "నా ప్రార్థన అతనిది కాదు. అతని గురించైతే చెబుతాను" అన్నారు. కూలీలుండే క్యాంప్‌కు వచ్చి, మల్లయ్య ఎలాంటివాడో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నారు.

మర్నాడు ఉదయం అందరి ముందూ ఇంతే అన్నారు: "మల్లయ్య అందరికంటే ముందు లేచి చాయ్ కాచేవాడు. షుగర్ మరీ ఎక్కువ వేసేవాడు. రేపటినుంచి మనకు అలాంటి చాయ్ ఉండదు."

తెలుగులో చెప్పాల్సింది నేను. చావు దగ్గర చాయ్ ఏమిటని నాకు నామోషీ వేసింది. పుణ్యమూర్తి, త్యాగధనుడు, కీర్తిశేషుడు అంటూ దంచేశాను. రాజన్న ఊరుకోలేదు.

"గివేం మాటలు సారూ? సాబు షుగరన్నడు, నేను ఇన్న. నువ్వు షుగరు ముచ్చటే ఎత్తకపోతివి. సాబు ఏం జెప్పిండో గదే జెప్పు!"

నాకు తలకొట్టేసినట్టయింది. సంగతి విని డంకన్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "నేను చెప్పింది చిన్నదే. చిన్నదిగానే ఉండనివ్వండి" అన్నారు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతవరకూ కంట తడిపెట్టని రాజన్న భోరుమన్నాడు. ఆనాటి నుంచి, ఆయన స్కాట్లాండ్ తిరిగి వెళ్ళేదాకా, క్యాంప్‌లో ఎవరు పోయినా ఆయన రెండు మాటలు చెప్పడం, నేను వాటిని తెలుగు చెయ్యడం అలవాటైపోయింది.

"నాన్న దోహా రోజుల గురించి ఇక్కడెవరికీ తెలియదు. అంత్యక్రియల్లో ఆ ఊసే రాలేదు. మీరు రాయండి" అని ఆయన కుమార్తె కోరింది. నాలుగు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. పోయినవాళ్ళ గురించి అన్నాళ్ళూ ఆయన చెబితే నేను చెప్పాను. ముందుగా చెప్పడానికి ఈసారి ఆయన లేరు.