నీలం లాల్చీ, మీగడ రంగు సీటు

ముందే చెప్పేస్తున్నాను, నిండా జనంతో ఢిల్లీ వెళ్తున్న ఒక విమానాన్ని నేను కొద్దిలో నాగపూర్‌లో దింపించేసేవాణ్ణి. ఇంజను బాగానే ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. తప్పంతా నా లాల్చీది. లాల్చీకేం తెలుసు పాపం, తప్పు నాదే.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. విజయవాడ వన్‌టౌన్‌లో మాకు చేనేత బట్టల కొట్టుంది. పామర్రు అవతల పన్నెండు మగ్గాలు మా నూలు మీద నడుస్తాయి. నీలిమందు తొట్టి పెట్టి రంగులద్దే పని మా ఆవిడ రత్నానిది. ఆ బట్ట గురించి కొట్లో కూర్చుని గొప్పలు చెప్పే పని నాది.

ఆ ఏడాది బేరాలు డల్‌గా ఉన్నాయి. నాలుగు మగ్గాలు ఆపెయ్యాలేమోనని దిగులుపడుతుంటే, ఢిల్లీ కంపెనీ ఒకటి మా నీలం బట్ట నమూనా చూసి, వచ్చి మాట్లాడమంది. మామూలు సీట్లు అయిపోయాయేమో, నాకు బిజినెస్ క్లాసు టికెట్టు పంపింది. అంతే, నా మనశ్శాంతి పోయింది. ఆర్డరు గురించి కాదండోయ్! ఆ సీట్లో కూర్చోవాలంటే ఏం వేసుకోవాలి?

పక్క కొట్టాయన "సూటు లేకపోతే తలుపు దగ్గరే ఆపేస్తారండీ" అన్నాడు. ఫోనులో బిజినెస్ క్లాసు వీడియో పెడితే, అందులో ఒకాయన నిక్కరు వేసుకుని కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాడు. సూటు తొడిగి చూశాను, ఇప్పాను. మళ్ళీ తొడిగాను. ఇల్లంతా తిరిగాను. చివరికి దండెం మీద ఆరుతున్న నీలం లాల్చీ, పైజమా కనబడ్డాయి.

"రత్నం! మన బట్టే వేసుకెళ్తాను. ఇంతకంటే పబ్లిసిటీ ఏముంటుంది?"

"వద్దండీ. దాన్నింకా ఒక్కసారే ఉతికాను. నాలుగు నీళ్ళు పడితే గానీ రంగు కుదురుకోదు."

"మన రంగు దిగదే. రోజూ కస్టమర్లకి చెబుతున్నాగా!"

"కస్టమర్లకి చెప్పారు. బట్టకి చెప్పారా?"

ఇలాంటి ప్రశ్నలకి భర్తల జవాబు ఒకటే. చంకలో లాల్చీ పెట్టుకుని వెళ్ళిపోతారు. నేనూ అదే చేశాను.

మే నెల. గన్నవరం వెళ్ళే కారులో ఏసీ పనిచెయ్యలేదు. విమానం ఎక్కేసరికి నా వీపు, వరి మడిలా, తడిసి ముద్దయింది. సీటు చూస్తే వెన్నపూసలాంటి తోలు, మీగడ రంగు. అందులో కూలబడి, అందరూ నా లాల్చీనే చూస్తున్నారని మురిసిపోయాను.

పక్క సీట్లో డెబ్బై ఏళ్ళ ఆవిడ కూర్చున్నారు. తెల్లటి చీర, మెడలో సన్నటి సిలువ. పేరు సుశీల. ఉయ్యూరులో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారట.

"మనవరాలికి జ్ఞానస్నానం నాయనా, ఇవాళే చర్చిలో పేరు పెడతారు. దిగగానే అటే వెళ్ళాలి. అందుకే ఈ చీరతోనే బయల్దేరాను."

"చాలా బాగుందండీ చీర. మల్లెపువ్వులా ఉంది" అన్నాను. అప్పటికి అది నిజమే.

విమానం లేచాక ఎయిర్‌హోస్టెస్ వేడి వేడి తడి తువ్వాలు ఇచ్చింది. మొహం, మెడ, చేతులు హాయిగా తుడుచుకున్నాను. తీరా చూస్తే తువ్వాలు నీలం! దాన్ని జేబులో కుక్కి, మోచేతి కింద చూశాను. సీటు చెయ్యి మీద నీలం చార. కొంచెం ముందుకు వంగి వీపు వెనక తడిమి చూశాను. వేళ్ళు ఇంకా నీలమయ్యాయి.

ఇక నేనేం కుదురుగా కూర్చుంటాను చెప్పండి? పెనం మీద పడ్డ నీటిబొట్టులా ఎగిరెగిరిపడ్డాను. తువ్వాలు తీసి చార తుడిచాను. వేలెడు చార బెత్తెడైంది. మంచినీళ్ళు పోసి రుద్దాను. మూరెడైంది.

"ఏం నాయనా, బాత్రూముకి వెళ్ళాలా? వెళ్ళు, సిగ్గుపడతావేం?" అన్నారు టీచరుగారు.

"లేదండీ."

"మరెందుకలా మెలికలు తిరుగుతావు? నా క్లాసులో అయితే ఈపాటికి బెంచీ ఎక్కించేదాన్ని!"

వెళ్ళాలంటే లేవాలి. లేస్తే సీటు కనబడుతుంది. చెమట పట్టింది. అరచేత్తో మొహం తుడుచుకున్నాను. పెదాలు కూడా తుడుచుకున్నాను. అదే కొంప ముంచింది.

టిఫిను ప్లేటుతో వచ్చిన ఎయిర్‌హోస్టెస్ నన్ను చూసి ఆగిపోయింది. "సార్, మీ పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఆడుతోందా?"

బుద్ధున్నవాడైతే ఏం చెప్పాలి? "లాల్చీ రంగమ్మా" అనాలి. నా బుర్ర మాత్రం మెరుపులా పనిచేసింది. జబ్బు చేసినవాణ్ణి సీటు గురించి ఎవరు అడుగుతారు?

"కొంచెం... ఆడటం లేదండీ" అన్నాను నీరసంగా.

అంతే. ఆక్సిజన్ సిలిండరు వచ్చింది, మొహానికి మాస్కు వచ్చింది. డాక్టరెవరైనా ఉన్నారా అని మైకులో అడిగితే వెనక నుంచి ఒక డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. మన మైలవరం అమ్మాయే. వేలికి క్లిప్పు తగిలించి చూసి మొహం చిట్లించింది. గోళ్ళ నిండా నీలిమందు ఉంటే ఆ మిషను మాత్రం ఏం చదువుతుంది?

"రీడింగు బాగా తక్కువగా ఉంది. గుండె జబ్బుందాండీ?"

మాస్కుతోనే తల అడ్డంగా ఊపాను. నా నీలం మొహం చూస్తే ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఎయిర్‌హోస్టెస్ ముందుకి వెళ్ళి వచ్చింది. "కెప్టెన్ అడుగుతున్నారు డాక్టర్, నాగపూర్‌లో దింపెయ్యమంటారా?"

ఇంతలో సుశీల టీచరుగారు నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డని కాపాడు. ఇంటి దగ్గర ఇతని కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. నా మనవరాలి జ్ఞానస్నానానికి నేను అందకపోయినా ఫరవాలేదు, ఇతన్ని బతికించు."

అబద్ధాలాడటంలో నాకు పదేళ్ళ కొట్టు అనుభవం ఉంది. కానీ ఆ ప్రార్థన ముందు ఒక్కటీ నిలబడలేదు. మాస్కు పీకేశాను.

"దింపకండి! నాకేం కాలేదు! ఇది నీలిమందండీ!"

"మందా!" టీచరుగారు అదిరిపడ్డారు. "ఏం మందు మింగావురా నాయనా? ఇంత చిన్న వయసులో నీకేం కష్టమొచ్చింది?"

"మింగలేదండీ! వేసుకున్నాను!"

"మందు వేసుకున్నాడట!" అని వెనక వరసలో ఎవరో అన్నారు. "పొద్దున్నే!"

డాక్టరమ్మ నా మాట వినడం లేదు. ఆమె చూపు టీచరుగారి చేతుల మీద పడింది. "అమ్మా, మీ చేతులు కూడా నీలంగా అవుతున్నాయి!"

"అంటుకునే జబ్బా?" అంది ఎయిర్‌హోస్టెస్, రెండడుగులు వెనక్కి వేసి.

అప్పుడు డాక్టరమ్మ స్పిరిటులో ముంచిన దూదితో నా వేలు రుద్దింది. దూది నీలమైంది, వేలు మామూలైంది. క్లిప్పు మళ్ళీ తగిలించింది. అంకె చక్కగా పైకెక్కింది. ఆమె నిట్టూర్చి, "కెప్టెన్‌గారికి చెప్పండి. పేషెంటుకి ఏమీ లేదు. రంగు దిగుతోంది" అంది.

"లేచి నుంచో" అన్నారు టీచరుగారు. గొంతు పూర్తిగా హెడ్‌మిస్ట్రెస్‌ది. లేచాను. సీటు మీద నా వీపు, భుజాలు, ఇంకా మిగతావన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. టీచరుగారు మాత్రం తన మోచేతి దగ్గర చీర చూసుకున్నారు. అక్కడ అరచేయంత నీలం మరక.

"క్షమించండి టీచరుగారూ. మీరు నా కోసం ప్రార్థన కూడా చేశారు."

ఆవిడ "చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోలేనుగా. ఉంచుకో" అని, కొంగు భుజం చుట్టూ తిప్పి మరక కనబడకుండా కప్పుకున్నారు. పెదవుల చివర నవ్వు మాత్రం కప్పుకోలేకపోయారు.

ఎయిర్‌హోస్టెస్ సీటు మీద దుప్పటి పరిచి, శిక్ష పడ్డవాడిలా నన్ను దానిమీద కూర్చోబెట్టింది. ఢిల్లీలో బట్టలు మార్చుకుని కంపెనీకి వెళ్ళాను. అక్కడి పెద్ద మేడమ్ మొదటి ప్రశ్నే వేసింది. "రంగు దిగుతుందా?"

నోరు తెరిచేలోపు ఆమె చూపు నా చేతుల మీద పడింది. ఎంత కడిగినా మణికట్టు దాకా నీలమే. జరిగిందంతా చెప్పేశాను. ఆమె బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నేత బాగుంది. రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు రంగు వెయ్యనివి పంపండి" అని తెల్లబట్టకి ఆర్డరిచ్చింది. ఒక్క మగ్గం ఆగలేదు.

ఫోన్లో చెబితే రత్నం అంతా విని, "అయితే నా తొట్టికి సెలవిప్పించి వస్తున్నారన్నమాట" అంది. ఆ వారమంతా ఇంట్లో నాకు పెట్టిన కూరల్లో ఉప్పు లేదు.

తిరుగు ప్రయాణం మామూలు క్లాసులో. అక్కడ సీట్లు ముదురు నీలం, నా ఒంటి మీద తెల్లచొక్కా. ఇక దిగులేముంది అనుకుంటున్నారా? గన్నవరంలో దిగేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. చివరికి పక్కాయనకి వీపు తిప్పి, "ఏమండీ, సీటు రంగు గానీ నా చొక్కాకి అంటిందేమో కాస్త చూసి పెడతారా?" అని అడిగాను.

ఆయన చూడలేదు. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచే బటను నొక్కాడు.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ విమానంలో, ఏ క్లాసులో, ఎవరు వచ్చి "ఒంట్లో బాగుందా" అని అడిగినా, ముందు నా చొక్కా ఎవరు నేశారో, ఎవరు రంగు వేశారో, ఎన్నిసార్లు ఉతికారో చెప్పి, ఆ తర్వాతే ఊపిరి పీలుస్తాను.