డొల్ల పలికిన స్తంభం

ఇత్తడిని చింతపండుతో తోముతుంటే ఒక వాసన వస్తుంది. పుల్లగా, పచ్చిగా, నోట్లో పావలా బిళ్ల పెట్టుకున్నట్టుగా ఉంటుంది. బతుకమ్మ పండగ దగ్గరపడితే ఇప్పటికీ మా ఇంటి వెనక నుంచి ఆ వాసన వస్తుంది, వచ్చిందంటే నా చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి పోతుంది. ఎందుకో చెబుతాను. మా బాపు భూపాలపల్లిలో భూమి కింద బొగ్గు తవ్వినవాడు. ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విని, గట్టిదో డొల్లదో తేల్చేవాడు. నేను ఏడో తరగతి తప్పిన రోజున నన్ను ముందర కూర్చోబెట్టుకొని, నెత్తి మీద అక్కడా ఇక్కడా తట్టి, విని, "డొల్ల" అన్నాడు. ఆ తర్వాత నేను బడి మొహం చూడలేదు. ఇదే ఊరి బజారులో స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకొని, ఆయన మాట తప్పని నిరూపించే పని ఒక్కటీ చెయ్యకుండా ఇంత దూరం వచ్చాను.

తట్టి వినడం బాపుకు సరదా కాదు, పని. గనిలోకి దిగినవాళ్లు ముందు చేతికర్రతో పైకప్పును తడతారు. గంటలా పలికితే దాని కింద నిలబడతారు, డొల్ల పలికితే వెనక్కి వస్తారు. ఆ అలవాటు బాపుకు షిఫ్టు దిగినా దిగేది కాదు. పుచ్చకాయను, కొబ్బరికాయను లోకంలో అందరూ తడతారు. మా బాపు మంచం పట్టెలను, చుట్టాలింటి గోడలను, కొత్త సబ్బుబిళ్లను కూడా తట్టేవాడు, పెళ్లికి పోతే పందిరి గుంజను తట్టి ఒప్పుకున్నాకే విస్తరి ముందు కూర్చునేవాడు. మా గని కాలనీలో దీనికి నవ్వేవాళ్లు లేరు, ఎందుకంటే అక్కడి మగవాళ్లంతా ఎవరింటికి పోయినా ముందు పైకి చూసి తర్వాతే మనుషులను పలకరించేవాళ్లు. అమ్మ అలవాటు వేరు. షిఫ్టు దిగే సైరన్ మోగగానే ఆమె చేతిలో ఏదో ఒక పని పట్టుకొని క్వార్టర్ వాకిట్లోకి వచ్చేది; చాటలో రాళ్లు లేని బియ్యంలో రాళ్లు ఏరుతూ, బాపు సైకిల్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, తిరిగిందో లేదో లోపలికి పోయేది, ఎదురుచూసినట్టు ఆయనకు తెలియకూడదన్నట్టు.

మేము విశాఖపట్నం పోయిన ఏడు, వానాకాలంలో, బాపుతో జోడీగా పనిచేసే మనిషి మీద గని కప్పు పడింది. ఇంట్లో ఎవరమూ ఆయన పేరెత్తలేదు గానీ, బాపు తట్టడం ఎక్కువైంది, అమ్మ చాటలో బియ్యం ఎక్కువసేపు ఉండిపోయాయి.

పక్క క్వార్టర్‌లో సత్యవతమ్మ అని శ్రీకాకుళం వైపు ఆవిడ ఉండేది. ఆవిడ ఇంట్లో ఒక ఇత్తడి తాంబాళం, అంచు చుట్టూ తీగెలు చెక్కి, బండి చక్రమంత వెడల్పున. మా అమ్మది పాలకుర్తి పక్క పల్లె. తంగేడు, గునుగు, బంతిపూలు వరసలు వరసలుగా పేర్చి బతుకమ్మను ఆమె చేసినంత ఎత్తుగా కాలనీలో ఎవరూ చెయ్యలేరు. కానీ మా ఇంట్లో ఉన్నది సొట్టలు పడ్డ చిన్న స్టీలు పళ్లెం. అంత ఎత్తు బతుకమ్మ దాని మీద నిలవలేక ప్రతి ఏడూ ఆటస్థలానికి చేరేలోపే ఒక పక్కకు ఒరిగేది, ఒరిగిన బతుకమ్మను చూసి ఆడవాళ్లు ఏమీ అనేవాళ్లు కాదు, అనకపోవడమే అమ్మకు మంట. పండగ ఆఖరి రోజు, సద్దుల నాడు, మలీద ముద్దలు, నువ్వుల సద్ది పంచుతూ అందరూ నవ్వుతుంటే ఆమె తన బతుకమ్మను ఒక చేత్తో పట్టుకొనే పాడేది. అందుకే బాపుకు సెలవులిచ్చి, ఏదైనా ఊరు చూసి రమ్మని గనివాళ్లు చార్జీలిస్తే, అమ్మ ఒక్కటే అడిగింది: విశాఖపట్నం పోదాం, తాంబాళం కొందాం.

అక్కడ ఎక్కడ కొనాలన్నది కాలనీలో పెద్ద చర్చ అయింది. బట్టలకు జగదాంబ దిక్కు పొమ్మని ఒకాయన, అక్కడికి మాత్రం పోవద్దని ఇంకొకాయన. సత్యవతమ్మ పూర్ణా మార్కెట్ అంది. "ఆ పక్క సందులోకెల్తే అన్నీ సామాన్ల కొట్లేనమ్మా, మా అమ్మ ఆడే కొంది." ఆమె పోయాక బాపు గొంతు తగ్గించి, "అంత మంచి దుకాణమైతే మనకెందుకు చెప్తది?" అన్నాడు. మంచి సలహా దొరికితే బాపుకు నిద్ర పట్టేది కాదు.

రైలు దిగగానే ఆయన మాకొక ఆజ్ఞ వేశాడు. "ఎవ్వలు నోరు తెరువద్దు. మన మాట ఇన్నరంటే రేటు పెంచుతరు, పైనుంచి నవ్వుతరు." అమ్మ తలూపింది. నన్ను నమ్మలేక, ఖాళీ అయినప్పుడల్లా నా నోటినిండా బెల్లం పల్లిపట్టీ కుక్కాడు. నా జీవితంలో నేను మాట్లాడకుండా గడిపిన పూట అదొక్కటే. రిక్షా ఎక్కేముందు బాపు దాని కర్రలు తట్టాడు. హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉందని అనుమానపడ్డాడు. సముద్రాన్ని చాలాసేపు చూసి, "మీదికొస్తది, మల్ల ఎన్కకు పోతది. ఏం మనసుల పెట్టుకున్నదో," అని మమ్మల్ని పాదాలు తడవకుండా వెనక్కి లాగాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర ఎండుచేపలు, పసుపు, తడిసిన గోనెసంచులు కలిసి ఒకే వాసనై ముఖానికి కొడుతుంటే, సన్నటి వానలో, అరటిగెలల బండ్ల మధ్య నుంచి మేము మూగవాళ్లలా నడిచాం. సామాన్ల సందులో బాపు ఒక్కో దుకాణంలో దూరి, బిందెలు, గంగాళాలు, మూతలు వరుసగా తడుతూ పోయాడు. వెనక మోగుతూనే ఉండేవి, ముందు ఇంకొకటి మోగేది, గుడిలో హారతివేళలా ఉండేది. ఒకాయన మమ్మల్ని బిచ్చగాళ్లనుకొని చేత్తో పొమ్మన్నాడు. చివరికి పాతకాలపు దుకాణం ఒకదానిలో, గోడకు ఆనించి, అచ్చం సత్యవతమ్మది లాంటిది కనిపించింది. బాపు తట్టాడు. అది పలికింది, ఎంతసేపు పలికిందంటే, ఆగాక కూడా మా ముగ్గురికీ వినిపిస్తూనే ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు బాపు పైకి చూశాడు. కప్పు మీద వాననీటి మరక, దాని పక్కన వెంట్రుకంత పగులు. నడిమధ్యన రంగేసిన స్తంభం ఒకటి ఉంది. గొడుగు పిడితో దాన్ని తట్టాడు. డబ్బాలా పలికింది. తన ఆజ్ఞను తానే మరిచిపోయి, "డొల్ల. నడువుండ్రి, నడువుండ్రి," అని మా ఇద్దరి రెక్కలు పట్టుకొని వానలోకి ఈడ్చుకొచ్చాడు.

దుకాణం పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. "ఏటయిందండీ? అది స్తంభం కాదు, వాననీళ్ల గొట్టానికి సెక్క తొడుగు." నిజంగానే లోపలికి పోయి ఆ చెక్కపలక ఊడదీసి గొట్టం చూపించాడు.

"గా గొట్టం చూపిస్తుండంటే ఇంకేదో దాస్తుండు," అన్నాడు బాపు మాతో.

అమ్మ బాపు వైపు చూసింది. "నువ్వు పోరగాన్ని పట్టుకొని ఈడ్నే ఉండు. నేను పోయి తెచ్చుకుంట."

"కప్పు మంచిగ లేదంటున్న గదనే."

"ఇన్న నీ మాట," అని ఆమె లోపలికి పోయింది.

ఆ వానలో బాపు నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది. చూపు ఆ పగులు మీదే. లోపల అమ్మ తొందరపడలేదు. నోరు మూసుకోమన్న మాట గుమ్మం దగ్గరే వదిలేసి, పాలకుర్తి గొంతు మొత్తం తీసి బేరమాడింది. పెద్దాయన నవ్వి, "ఏ ఊరమ్మా మీది? సినిమాలో ఇన్నట్టుంది మీ మాట," అన్నాడు.

"సిన్మల మా లెక్క మాట్లాడినోనికి పైసలిచ్చిన్రు గని, మాకెవ్వలియ్యలేదే పెద్దయ్యా. గా బాకీ గీ తాంబాళంల కొట్టెయ్యి."

పెద్దాయన భార్య వెనకగదిలోంచి నవ్వుతూ బయటికొచ్చి, అమ్మకు స్టూలు వేసి, టీ తెప్పించింది. అమ్మ కూర్చుంది. టీ ఊదుకుంటూ తాగింది. ఎదురుగా ఉన్న దుకాణం గోడను బాపు చూడకుండానే తడుతున్నాడు, ఆగకుండా, ఏమీ వినకుండా. గొడుగు నాకిచ్చేశాడు, ఆయన పూర్తిగా తడిసిపోయాడు. నేను నోట్లో ఉన్న పల్లిపట్టీ మింగడం కూడా మరిచిపోయాను.

ఆమె తాంబాళాన్ని నెత్తిన బోర్లించుకొని, వానచుక్కలు దాని మీద టకటకలాడుతుండగా వచ్చి మా ముందు నిలబడింది. బాపు ముఖం చూసింది. కోపం లేదు గొంతులో.

"ఎట్లున్నది నిలబడుడు? నేను దినాం నిలబడుత, మన వాకిట్ల."

బాపు తాంబాళం ఆమె నెత్తి మీంచి తీసుకొని తన చంకలో పెట్టుకున్నాడు, మళ్లీ తట్టి చూడలేదు. ఊరికి వచ్చాక మాత్రం ఒక తేడా వచ్చింది. షిఫ్టు దిగితే, మలుపు ఇంకా దూరం ఉండగానే, ఎవరూ అడ్డం లేకపోయినా సైకిల్ గంట కొట్టుకుంటూ వచ్చేవాడు. ఆ ఏడు అమ్మ బతుకమ్మ ఒరగలేదు.

బాపు పోయి చాలాకాలమైంది, తాను తట్టి ఒప్పుకున్న కప్పు కిందే, మంచంలో, నిద్రలో. ఇప్పుడు మా దగ్గర చాలాచోట్ల పైనుంచే యంత్రాలు బొగ్గు తవ్వుకుపోతున్నాయి. ఆకాశాన్ని ఎవరు తడతారు. నా దుకాణానికి వచ్చే పిల్లలు గిన్నెను తట్టరు, ఫోన్ తీసి రేటు చూస్తారు, నా ముఖం చూస్తారు, నమ్మరు. మొన్న ఏదో పనిమీద విశాఖపట్నం పోయి ఆ సందు వెతికాను. పెద్దాయన దుకాణం ఉన్నచోట అద్దాల బట్టలషాపు ఉంది. స్తంభం కనబడితే తట్టాను. ప్లాస్టిక్ రేకులా పలికింది. "ఏటండీ, ఏం ఎతుకుతున్నారు?" అని కాపలా మనిషి నన్ను బయటిదాకా సాగనంపాడు.

ఇంటికొచ్చి, పెరట్లో తాంబాళం తోముతున్న అమ్మకు ఇదంతా చెప్పాను. పక్క కొట్టువాళ్లను అడిగాననీ, ఆ పాత కప్పు కూలగొట్టేదాకా గట్టిగానే నిలబడిందట అనీ చెప్పి, "బాపు లెక్క తప్పిందమ్మా. గట్లైతే నా నెత్తి సంగతి గూడ తప్పే చెప్పినట్టు," అన్నాను.

అమ్మ చింతపండు చెయ్యి ఆపకుండానే అంది:

"కప్పు సంగతి తప్పయితే తప్పయిండచ్చు బిడ్డా. నీ నెత్తి నేను గూడ తట్టి చూసిన."